బుడమేరు నీళ్ళలో నానిన టేకు బీరువా: బాగుచేత డైరీ

అక్టోబర్ 6, 2024, ఆదివారం

మాది విజయవాడ సింగ్‌నగర్. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు మా కింది వాటాలోకి వచ్చాయి. మేము పైకి మోసుకెళ్ళగలిగినవి మోసుకెళ్ళాం. అమ్మమ్మ టేకు బీరువాను మాత్రం కదపలేకపోయాం. ఆరడుగుల ఎత్తు, రెండు తలుపులు, కింద మూడు సొరుగులు, ఒక తలుపుకి నిలువుటద్దం. 1962లో ఆవిడ పెళ్ళికి గుడివాడలో చేయించారట. వారం దాటినా అది మూడడుగుల నీళ్ళలో అలాగే నిలబడి ఉంది.

నీళ్ళు తీశాక మా వీధిలో ప్రతి ఇంటి ముందూ సామాను గుట్ట పడింది. పరుపులు, ఫ్రిజ్‌లు, టీవీ స్టాండ్లు. వాటి మధ్య మంచి టేకు మంచాలు, వేపచెక్క బల్లలు కూడా చెత్త ట్రాక్టర్లు ఎక్కేశాయి. అది చూసి నా కడుపు తరుక్కుపోయింది. పార్టికల్ బోర్డుతో చేసినవి పోవాల్సిందే. అది చెక్కపొడిని జిగురుతో అదిమిన అట్ట, ఒకసారి ఉబ్బితే మళ్ళీ సర్దుకోదు. మామూలు కమర్షియల్ ప్లైవుడ్ కూడా పొరలు విడిపోతుంది. కానీ అసలు టేకు అలా కాదు. దాని లోచెక్కలో, అంటే మాను నడిమి ముదురు చెక్కలో, సహజంగానే నూనె ఉంటుంది. నీళ్ళు తాగుతుంది, మెల్లగా వదిలేస్తుంది. నీళ్ళ కంటే ఆ తరవాత మనం పడే తొందరే దాన్ని ఎక్కువ పాడుచేస్తుంది. ఈ డైరీ రాస్తున్నది అందుకే. ఇంట్లో తడిసిన పాత చెక్క సామాను ఇంకా ఉంచుకున్నవాళ్ళు దయచేసి అమ్మేయకండి, పారేయకండి.

సెప్టెంబర్‌లో చేసింది ఒక్కటే, కడగడం. బురద ఎండితే చెక్క రంధ్రాల్లో గట్టిపడి కూర్చుంటుంది కాబట్టి తడి మీద ఉండగానే మంచినీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో, కాస్త సబ్బుతో కడిగాం. అది మురుగు కలిసిన నీరు. చేతులకి రబ్బరు గ్లౌజులు, ముక్కుకి మాస్కు లేకుండా ఆ పనికి దిగకూడదు. సొరుగులు బయటికి రాలేదు, ఉబ్బి బిగుసుకుపోయాయి. వాటిని లాగలేదు. వెనక ప్లైవుడ్ పలక ఎలాగూ పొరలు పొరలుగా ఊడిపోయింది, దాన్ని తీసేసి సొరుగులను వెనక నుంచి మెల్లగా తట్టి బయటికి తెచ్చాం.

ఈరోజు బీరువా విప్పడం మొదలుపెట్టాం. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు, యాభై ఏళ్ళు వడ్రంగం చేసి మానేశారు. అందరం మేస్త్రి తాత అంటాం. చేతులు వణుకుతున్నాయని ఉలి పట్టరు గానీ కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంటారు.

"అమ్మాయ్, సుత్తి పక్కన పెట్టు. ఇది వజ్రంతో అతికింది. నీళ్ళకి వజ్రం ఎప్పుడో కరిగిపోయింది. చేత్తో ఊపు, అదే వస్తుంది."

నిజంగానే వచ్చింది. వజ్రం అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే పాతకాలపు జిగురు. తడి, వేడి తగిలితే మెత్తబడుతుంది. అదే ఈ బీరువాను కాపాడింది. ఫెవికాల్ లాంటి ఇప్పటి తెల్ల జిగురుతో అతికి ఉంటే విప్పేటప్పుడు కుసులు, అంటే బెజ్జంలో దిగేలా చెక్క చివర కోసిన ముక్కులు, విరిగేవి. ఇక్కడ కుసి బెజ్జంలోంచి చెక్కుచెదరకుండా జారి బయటికొచ్చింది. కొన్నిచోట్ల అతుకు కదలకుండా వెదురు సీలలు దిగేశారు, వాటిని సన్నటి ఇనుప కడ్డీతో వెనక నుంచి తట్టి తీశాం. తమ్ముడు ప్రతి ముక్క మీదా సుద్దముక్కతో నంబరు వేసి ఫోన్‌లో ఫొటో తీశాడు. కుడి, ఎడమ, పైన, కింద అన్నీ రాయాలి. అన్ని ముక్కలూ ఒకేలా కనిపిస్తాయి గానీ చేత్తో కోసిన అతుకుల్లో ఏ కుసి అయినా దాని బెజ్జంలోనే దిగుతుంది.

అక్టోబర్ 13, ఆదివారం

నిన్న దసరా. ఆయుధపూజకి ఉలులు, చిత్రిక, రంపం అన్నీ బొట్లు పెట్టించుకున్నాయి. ఈరోజు వాటికి పని లేదు. ఇప్పుడు పని అంతా ఆరబెట్టడమే.

పై వాటా వరండాలో, ఎండ పడని చోట, నేల నుంచి జానెడు ఎత్తులో రెండు దుంగలు వేశాం. వాటి మీద పలకలు, పలకకీ పలకకీ మధ్య ఒకే మందం ఉన్న సన్న పుల్లలు. పుల్లలన్నీ కింద నుంచి పైదాకా ఒకదాని మీద ఒకటి నిలువుగా ఒకే వరసలో రావాలి. వరస తప్పితే పలక అక్కడే వంగుతుంది. గుట్ట పైన బరువు కోసం రెండు రోళ్ళు పెట్టాం. అడ్డంగా కోసిన చివర్ల నుంచి తేమ పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, అందుకే పగుళ్ళు చివర్లలోనే మొదలవుతాయి. ప్రతి చివరకీ కొవ్వొత్తి మైనం రుద్దాం.

"రెండు రోజులు డాబా మీద ఎండలో పడేస్తే ఆరిపోయేదానికి ఇన్ని తంటాలెందుకు?" అంది అమ్మ. ఎండలో పెడితే పైపొర ఆరి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడిగానే ఉంటుంది. ఆ లాగుడికి పలక చీలుతుంది. పక్కింటి వదిన వాళ్ళ దేవుడి మందిరం తలుపు అలాగే చీలింది, పాపం.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? తేమ కొలిచే మీటరు ఉంటుంది, నా దగ్గర లేదు. వంటింట్లో తూకం ఉంది. పై సొరుగు ముందు పలకని ఎంచుకుని ఈరోజు తూచాను. 1,960 గ్రాములు. ఇక ఆదివారాల్లో ఇదే పలకని ఇదే తూకం మీద పెడతాను. బరువు తగ్గడం ఆగిన రోజున చెక్కలో తేమ మన ఊరి గాలికి తగ్గట్టు సర్దుకున్నట్టు.

నవంబర్ 3, ఆదివారం

1,830 గ్రాములు.

దీపావళి వెళ్ళాక ఇత్తడి సామాను పట్టుకున్నాను. సొరుగుల పిడులు, తాళం కప్పులు, తలుపుల బందులు. చింతపండు, ఉప్పు కలిపి రాసి కాసేపు ఉంచి పీచుతో తోమితే పచ్చ చిలుము వదిలింది. అమ్మ దేవుడి సామానుతో పాటే తోమేసింది. షోరూం మెరుపు కోసం బఫింగ్ చేయించమని ఒకరిద్దరు చెప్పారు గానీ నాకు ఇష్టం లేదు. అమ్మమ్మ చెయ్యి అరవై ఏళ్ళు తాకి నునుపుచేసిన పిడి అది. దాన్ని అరగదీయను.

పలకల మీద అక్కడక్కడా బూజు, బూడిద రంగు మచ్చలు. బయటికి తీసి, మాస్కు పెట్టుకుని పొడి బ్రష్‌తో దులిపాను. తరవాత వేడినీళ్ళలో బోరాక్స్, బోరిక్ పౌడర్ కలిపి 5 శాతం ద్రావణం చేసి, వెనక వైపులకీ బీరువా అడుగుకీ రెండుసార్లు పూశాను. బోరిక్ పౌడర్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లేదే. బూజుకీ చెదకీ రెండిటికీ పనిచేస్తుంది. టేకు లోచెక్క జోలికి చెద సులువుగా రాదు గానీ, పాతకాలం వడ్రంగులు కూడా కనపడని చోట పాలిపోయిన పైచెక్క వాడారు. బెరడుకి ఆనుకుని ఉండే ఆ తెల్ల భాగానికి చెదను ఆపే గుణం లేదు. మా బీరువా అడుగు పలకలు రెండూ అలాంటివే. ఈ మందు పిల్లలకి అందకూడదు, బట్టలు తగిలే లోపలి వైపు పూయకూడదు.

నవంబర్ 17, ఆదివారం

1,770. ఈరోజు అంతే.

డిసెంబర్ 1, ఆదివారం

1,755 గ్రాములు. నిన్న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, ఇక్కడా మబ్బు పట్టి గాలి తడిగా ఉంది. ఇలాంటి రోజున చెక్క ఆరడం మందగిస్తుంది. టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

ఖాళీగా ఉండటం ఎందుకని నల్ల మచ్చల పని చూశాను. ఇనుప మేకు ఉన్నచోటల్లా టేకు నల్లబడింది. చెక్కలోని వగరు పదార్థం తడి ఇనుముతో కలిస్తే సిరా నలుపు వస్తుంది. ఉప్పు కాగితంతో ఎంత రుద్దినా పోదు, లోపలికి దిగి ఉంటుంది. ముందు మేకులన్నీ లాగాలి, లేదంటే మచ్చ మళ్ళీ వస్తుంది. తరవాత ఆక్సాలిక్ యాసిడ్. గవర్నర్‌పేటలో ఒక కెమికల్ షాపులో పొడిగా దొరికింది. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి ఒక్క మచ్చ మీదే కాకుండా పలక మొత్తానికీ సమంగా పూయాలి, లేకపోతే ఆ ఒక్కచోట తెల్లగా తేలుతుంది. పావుగంటలో నలుపు గోధుమ రంగుకి తిరిగింది. చూస్తూ ఉండగానే చెక్క అసలు రంగు బయటికొచ్చింది, నాకు కేక పెట్టాలనిపించింది. ఆ తరవాత మంచినీళ్ళతో, కాస్త వంటసోడా కలిపిన నీళ్ళతో, మళ్ళీ మంచినీళ్ళతో బాగా కడిగాను. ఇది విషం. కడగకుండా వదిలేసి తరవాత ఉప్పు కాగితం పడితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తడిపాను కాబట్టి ఈ పలకలు మళ్ళీ గుట్టలోకి.

డిసెంబర్ 22, ఆదివారం

1,745 గ్రాములు. పోయిన వారమూ ఇంతే. ఆరింది!

మేస్త్రి తాతకి తూకం చూపిస్తే నవ్వి, పలకని వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఆఁ, మోగుతోంది. ఇక బిగించుకో" అన్నారు. ఆయన లెక్క ఆయనది, నా లెక్క నాది, రెండూ కలిశాయి.

బీరువాను మళ్ళీ వజ్రంతోనే అతికించాలని నిర్ణయించుకున్నాం. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర వడ్రంగి సామాను అమ్మే ఒక కొట్టులో పలుకులుగా దొరికింది. ఇప్పుడు అడిగేవాళ్ళు తక్కువట. ఫెవికాల్ మంచి జిగురే, కొత్త చెక్కకి దాన్నే వాడతాను. ఇక్కడ మాత్రం కుసుల మీద పాత వజ్రం ఇంకా పొరగా ఉంది. దాన్ని పూర్తిగా గీకేస్తే కుసి సన్నబడి వదులవుతుంది. కొత్త వజ్రం పాత వజ్రాన్ని కరిగించుకుని ఒకటైపోతుంది, తెల్ల జిగురు ఆ పని చేయదు. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరైనా దీన్ని బాగుచేయాలంటే మళ్ళీ విప్పగలగాలి కూడా.

పలుకులు రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి, పొద్దున వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. పొంగనిచ్చినా మరిగించినా పట్టు పోతుంది. వంటింట్లో ఆ వాసనకి అమ్మ కిటికీలన్నీ తెరిచింది. చల్లారేలోగా అతుకు బిగించాలి కాబట్టి కుసినీ బెజ్జాన్నీ ముందు హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేశాం. నేను జిగురు పూస్తుంటే తమ్ముడు కుసిని బెజ్జంలోకి దించాడు, మరిది క్లాంపులు బిగించాడు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియాలంటే టేపుతో రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ సమానంగా వస్తే చట్రం మూలలు లంబకోణంలో ఉన్నట్టు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. తలుపు చట్రానికి జిగురు పెట్టాలి, మధ్యలో గాడిలో కూర్చునే పలకకి మాత్రం చుక్క కూడా తగలకూడదు. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేవరకు టేకు అడ్డకోతలో సుమారు 5.8 శాతం కుంచించుకుంటుంది. అంటే వానాకాలం నుంచి వేసవికి గాలి తేమ మారితే అడుగు వెడల్పు పలక మూడు మిల్లీమీటర్లకు పైగా కదలొచ్చు. అది గాడిలో స్వేచ్ఛగా జరగాలి. జిగురు పెట్టి బంధిస్తే నడిమికి చీలుతుంది. పాత తలుపుల్లో చీలిన పలకలు చాలావరకు ఎవరో తరవాత మేకు కొట్టడం వల్లో లప్పం దట్టించడం వల్లో పోయినవే. మా బీరువా గాడిలో వరద బురద గట్టిపడి ఉంది, దాన్ని సన్న ఉలితో మొత్తం గీకి తీశాకే పలక దించాం.

జనవరి 5, 2025, ఆదివారం

వెనక పలకకి కొత్త ప్లైవుడ్ వచ్చింది. కొట్లో అడిగేటప్పుడు వాటర్‌ప్రూఫ్ కావాలంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. షీటు మీద ముద్ర చూడాలి. ఐఎస్ 710 అంటే మెరైన్ గ్రేడు, నీళ్ళకి తట్టుకునేది, ఐఎస్ 303 అంటే మామూలుది. బుడమేరు పక్కన ఉండేవాళ్ళం మేము, 710 తప్ప ఇంకోటి ఇంటికి తేను.

దాన్ని మేకులతో కాకుండా ఇత్తడి స్క్రూలతో బిగించాను. ఇనుముకి టేకుకి ఎలా పడదో చూశాం కదా. ఇత్తడి మెత్తన, నేరుగా తిప్పితే తల తెగిపోతుంది. ముందు డ్రిల్‌తో బెజ్జం వేసి, అదే సైజు ఉక్కు స్క్రూ ఒకటి తిప్పి దారి చేసి, తీసేసి, సబ్బు రాసిన ఇత్తడి స్క్రూ పెట్టాలి. చాదస్తంగా ఉంటుంది గానీ ఒక్కటీ తెగలేదు.

జనవరి 12, ఆదివారం

ఎల్లుండి సంక్రాంతి. ముగ్గులు, పిండివంటలు. ఉప్పు కాగితం పట్టడం వరకే అయింది. 120 నంబరుతో మొదలుపెట్టి 180, 220. ఎప్పుడూ చెక్క చార వెంబడే, అడ్డంగా కాదు. ఇంకా గరుకైన 80 నంబరు ముట్టుకోలేదు, పాత చెక్క పైపొర ఊరికే పోగొట్టుకోవడం ఎందుకు? టేకు పొడి చాలామందికి దురద, తుమ్ములు తెప్పిస్తుంది, మాస్కు తప్పదు.

జనవరి 19, ఆదివారం

ఇంతకాలం ఎదురుచూసిన రోజు, పాలిష్.

అందరూ ఇచ్చిన సలహా పీయూ (పాలీయురేథేన్) కోటింగ్. గట్టిగా, మెరుస్తూ ఉంటుంది, స్ప్రే చేసే కుర్రాళ్ళు ఆటోనగర్ వైపు చాలామంది ఉన్నారు. భోజనాల బల్లకైతే నేనూ ఒప్పుకునేదాన్ని. కానీ ఈ బీరువాకి మొదటి నుంచీ ఉన్నది లక్క పాలిష్. నీళ్ళలో నానిన భాగమంతా అది తెల్లబారింది, పై సగం ఇప్పటికీ బాగుంది. లక్క మీద లక్క కలుస్తుంది. స్పిరిట్ తగిలితే పాత పొర మెత్తబడి కొత్త పొరతో ఒకటవుతుంది. కాబట్టి పై సగాన్ని గీకక్కర్లేదు. పీయూ వేయాలంటే మొత్తం గీకేయాలి.

లక్క పురుగులు మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద కట్టే జిగురు ఇది, మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. పలచని రేకులుగా అమ్ముతారు. 100 గ్రాముల రేకులకి 400 మిల్లీలీటర్ల స్పిరిట్. గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచి మధ్యమధ్యలో కదిపి, పొద్దున పాత పంచె గుడ్డలో వడకట్టాను. ఆరు నెలలకు మించి నిలవ ఉంచకూడదు, పాతబడ్డ లక్క ఎన్నిరోజులైనా జిడ్డుగానే ఉంటుంది. అందుకే కలిపి సీసాల్లో అమ్మేదాన్ని కొనలేదు.

పనిని జనవరి దాకా ఆపింది కూడా లక్క కోసమే. గాలిలో తేమ ఎక్కువుంటే స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు ఆ చల్లదనానికి తేమ పొర మీద చేరి తెల్లగా మారుతుంది. సంక్రాంతి తరవాత మన దగ్గర మధ్యాహ్నాలు పొడిగా, హాయిగా ఉంటాయి. పదకొండు నుంచి మూడు వరకే పనిచేశాను.

దూదిని ఉండ చేసి, దాని మీద ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ కట్టాలి. లక్క దూదికి పోయాలి, గుడ్డలోంచి ఊరుతుంది. గుడ్డ చెక్క మీద ఎక్కడా ఆగకూడదు. విమానం దిగినట్టు పక్క నుంచి వచ్చి తాకి, అవతల అంచు నుంచి లేచిపోవాలి. ఆగినచోట అంటుకుని పొర లేచిపోతుంది. మొదటి పొరలు చార వెంబడి, తరవాత గుండ్రంగా, ఆ తరవాత 8 అంకె తిప్పినట్టు. గుడ్డ పట్టేస్తుందనిపిస్తే ఒక్క చుక్క అవిసె నూనె. టేకు రంధ్రాలు పెద్దవి, వాటిని నింపడానికి లక్క తడి మీదే 320 ఉప్పు కాగితం పట్టాను. వచ్చిన సన్నటి చెక్కపొడి లక్కతో కలిసి రంధ్రాల్లో కూరుకుంది. అదే చెక్క, అదే రంగు.

మేస్త్రి తాత ఒకసారి లేచి వచ్చి గుడ్డ ఉండ అడిగి తీసుకున్నారు. చెయ్యి వణకలేదు. తలుపు మీద ఒక పొర ఆయనే వేశారు. నేను పక్కన నిలబడి ఆయన మణికట్టు చూసి నేర్చుకున్నాను, అంత వివరంగా ఏ వీడియోలోనూ కనపడలేదు.

ఒక జాగ్రత్త. అవిసె నూనె తగిలిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి మంటలు అంటుకోవచ్చు. నీళ్ళ బకెట్లో ముంచాలి, లేదా విడివిడిగా పరిచి బయట ఆరేయాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

పాలిష్ అయిపోయింది. లోపలి వైపు కూడా రెండు పొరల లక్కే వేశాను. మురుగు వాసన చెక్కలో ఉండిపోతుందేమోనని అమ్మకి బెంగ. లక్క వాసనని లోపలే మూసేస్తుంది, ఇది రంగుల పనివాళ్ళకి బాగా తెలిసిన సంగతే. లోపల నూనె మాత్రం ఎప్పుడూ పూయకండి, మూసిన బీరువాలో ఆ వాసన నెలల తరబడి పోదు, చీరలకి పడుతుంది. అమ్మ తల లోపలపెట్టి వాసన చూసి, కలరా ఉండలు కూడా వద్దంది. ఎండు వేపాకు చాలట.

నిలువుటద్దం అడుగున కళాయి పోయి నల్లటి మరకలు పడ్డాయి. కొత్త అద్దం వేయమన్నారు. వేయలేదు. మా అమ్మ పెళ్ళికూతురిగా చూసుకున్న అద్దం, మరకలు ఉంటే ఉండనీ.

ఫిబ్రవరి 9, ఆదివారం

బీరువా మళ్ళీ నిలబడింది. కింది వాటాలో కాదు, పైన, అమ్మ గదిలో. ముక్కలుగా ఉన్నప్పుడే పైకి చేర్చడం తేలికైంది. కాళ్ళ కింద గ్రానైట్ ముక్కలు పెట్టి గోడకి రెండంగుళాలు జరిపాం, వెనక గాలి ఆడాలి.

సొరుగుల జారుళ్ళకి కొవ్వొత్తి రుద్దాను. పైదీ మధ్యదీ వేలితో తోస్తే పోతున్నాయి. మూడోది కొంచెం బిగువు. తమ్ముడు చిత్రిక పట్టేద్దామన్నాడు, నేనే ఆపాను. పళ్ళు పళ్ళుగా కోసి ఒకదానిలో ఒకటి దిగేసిన అతుకు అది. పక్క ఒకసారి పలచబడితే మళ్ళీ చెక్క కలపలేం. ఇప్పుడు పొడి కాలం, చెక్క సన్నగా ఉండే రోజులు. జూలైలో ముసురు పట్టినప్పుడు ఎంత ఉబ్బుతుందో చూసి, ఎక్కడ రాసుకుంటుందో సుద్ద పూసి గుర్తుపట్టి, అక్కడ మాత్రమే, రెండు విసుర్లు చిత్రిక పడతాను. అప్పటిదాకా ఆ సొరుగులో అమ్మ తన బ్యాంకు పుస్తకాలు పెట్టుకుంటుందట.